ఇత్తడి బిరడా

మేస్త్రికి ఒక పేరుంది. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిందే. కానీ దాన్ని వాడినవాళ్లే లేరు. ఇంట్లో భార్య "ఏమండీ" అంటుంది. ఆవిడ తమ్ముడు "బావా" అంటాడు. కార్ఖానా గడప తొక్కిన ప్రతివాడూ "మేస్త్రీ" అనే పిలుస్తాడు. ఆఖరికి కరెంటు బిల్లు మీద కూడా మామగారి పేరే ఉంటుంది, ఎందుకంటే ఆ షెడ్డు మామగారిది. కాబట్టి మనమూ మేస్త్రి అనే అందాం. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టి ఎవర్ని ఉద్ధరించాలి?

ఆయన చేసేది పాత మోటారు సైకిళ్ల నూనె పంపులు. ఆ కాలపు బండ్లలో నూనె ఇంజను అడుగున కూర్చోదు. సీటు కింద డబ్బాలో వేరే కాపురం ఉంటుంది. అరచేతిలో పట్టే పంపొకటి, ఒక పక్కనుంచి నూనెను ఇంజనులోకి తోస్తుంది, రెండో పక్కనుంచి మళ్లీ డబ్బాలోకి లాక్కొస్తుంది. అది అరిగిందంటే ఇంజను ఎండి బిగుసుకుపోతుంది. ఆ బండ్లు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పంపులు మాత్రం అరుగుతూనే ఉన్నాయి. అందుకని ఒక పాత పంపు నుంచి అచ్చు తీసుకుని, పోత ఇనుముతో పోత పోయించి, లేతు మీద తిప్పి చెక్కి, మేస్త్రి కొత్తవి చేసేవాడు.

చక్కగా చేసేవాడు. ఆ మాట ఆయనే చెప్పేవాడు. వినయం అంటే ఏమిటో ఆయనకి తెలియదు, తెలుసుకుందామన్న కోరికా లేదు. "కంపెనీవాడు చేసిందాని మీద నాది రెండాకులు ఎక్కువే" అని దారినపోయేవాళ్లని నిలబెట్టి మరీ చెప్పేవాడు. ఆయనకున్న కోరికల్లా ఒకటే. ఒక్క పంపు మీదైనా తన పేరు కొట్టుకోవాలి. ఆ ఒక్కటే కుదిరి చావలేదు. అచ్చు పాత పంపుది కాబట్టి, ప్రతి దాని మీదా చచ్చిపోయిన కంపెనీ రెక్కల గుర్తే పొంగి కనపడేది. ఆ గుర్తు లేకపోతే కొనేవాడు ముట్టుకోడు.

కొనేవాళ్లెవరంటారా? పాత బండ్ల సంఘం. వాళ్ల గురించి ఏం చెప్పమంటారు! అసలుది అన్న మాట వింటే చాలు, వాళ్ల కళ్లు భక్తితో మూతలు పడేవి. అసలు మేకు, అసలు మర, అసలు తుప్పు. ప్లీడరుగారొకాయన తన బండి టైర్లలో గాలి కూడా కంపెనీలో కొట్టిందేనని పందెం కాసేవాడు. నగల షాపు ఆయన, నడిపితే అరిగిపోతుందని, బండిని సొంత డ్రైవరు చేత తోయించుకుంటూ పక్కన హెల్మెట్టు పెట్టుకుని నడిచేవాడు.

ఒకరోజు ఆ సంఘంలో ఉన్న పళ్ల డాక్టరు వచ్చి, బల్ల మీద తళతళలాడుతున్న పంపుని చేతిలోకి తీసుకుని ముఖం చిట్లించాడు.

"ఇదేంటయ్యా, కొత్తగా ఉంది?"

"కొత్తది కొత్తగా ఉండక ముసలిగా ఉంటుందాండీ?" అన్నాడు మేస్త్రి.

"నాకు అసలుది కావాలి. పని చెయ్యకపోయినా సర్దుకుంటాను."

పొద్దస్తమానం జనానికి కట్టుడు పళ్లు బిగించే మనిషి, పంపుని పురుగుని పెట్టినట్టు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. బావమరిది మాత్రం ఈల వేసుకుంటూ ఆ పంపుని గుడ్డలో చుట్టుకుని పెరట్లోకి పోయాడు.

ఈ బావమరిది గురించి రెండు ముక్కలు చెప్పాలి. పని రాదు. మాటలొచ్చు. అసలు మాటల్లోనే పుట్టి ఉంటాడని వాళ్లక్కే అంటుంది. పెరట్లో మురుక్కాలవ పక్కన గొయ్యి తీసి, ఉప్పునీళ్లు పోసి, పంపుని పాతిపెట్టాడు. వానలు వెలిశాక తవ్వి తీసి, పాత దినపత్రికలో చుట్టి, అదే డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి, ఎక్కడో పాడుబడ్డ గోదాములో దొరికిందని కళ్లు తుడుచుకుంటూ కథ చెప్పాడు. డాక్టరు పంపుని గుండెలకి హత్తుకుని, ఏ బేరమూ లేకుండా కొన్నాడట.

"నా పంపుని నేనే పాడుచేసుకోవాలట్రా?" అని మేస్త్రి ఒంటికాలి మీద లేచాడు.

"పాడు కాదు బావా. పాత. రెండింటికీ చాలా తేడా ఉంది."

అప్పటినుంచి పంపులన్నీ గోతిలోంచే బజారుకెళ్లాయి. గులాబీ అంటు నాటుదామని మేస్త్రి భార్య ఎక్కడ తవ్వినా పంపే తగిలేది. "మట్టికి ఉప్పు పట్టి మొక్క బతకట్లేదురా, నీ వ్యాపారం తగలెయ్య" అని ఆవిడ తమ్ముణ్ణి తిట్టేది. ఆ తమ్ముడేమో పళ్లికిలించి తవ్వుకునేవాడు.

మేస్త్రి ఊరుకునే రకం కాదుగా. ఓ రోజు డ్రిల్లింగు మిషను దగ్గర నిలబడి, పంపుకి నూనె దారి తొలుస్తూనే గొడవ మొదలెట్టాడు. "ఒక్కదాని మీద, ఒకే ఒక్కదాని మీద నా పేరు కొట్టనీరా. పాతిపెట్టుకో, తగలేసుకో, నాకెందుకు. పేరు మాత్రం ఉండాలి."

"నీ పేరు కొడితే అది పంపు కాదు బావా. ఇనప ముద్ద."

ఆ మాటకి మేస్త్రి గిరుక్కున వెనక్కి తిరిగాడు. చెయ్యి మిషను మీదే ఉంది. చూసుకునేసరికి, పంపు ఒంట్లో ఉండకూడని చోట, వంకరగా, ఒక బెజ్జం. ఆయన జీవితంలో అలాంటి తప్పు చెయ్యలేదు. సిగ్గేసి, గబగబా ఆ బెజ్జానికి మరలు కోసి, ఇత్తడి బిరడా ఒకటి బిగించి, పైన ఆకురాయి పట్టి, దాన్ని తుక్కులో పడేశాడు. తుక్కులో పడ్డది బావమరిది గోతిలోకి పోయింది. గోతిలోంచి ఎటు పోయిందో మేస్త్రికి తెలియలేదు.

అది పోయి పోయి భూతద్దంగారి చేతిలో పడింది.

భూతద్దంగారంటే సంఘానికి పెద్ద దిక్కు. మెడలో భూతద్దం వేలాడేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. అసలుదేదో నకిలీదేదో ఆయన చెప్పాలి, లోకం తల ఊపాలి. బండి స్టార్టు చెయ్యడం ఆయనకి రాదని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టేవాళ్లూ అదే అనేవారు, కాకపోతే గౌరవంగా. ఆయన ఆ వంకర బిరడాని అద్దంలోంచి చూసి చూసి, సంఘం హాల్లో ఉపన్యాసం ఇచ్చాడు. కంపెనీలో గొప్ప పనివాళ్లు నూనె వేడెక్కకుండా రహస్యంగా పెట్టిన ఏర్పాటట అది! ఆ వాలు కూడా లెక్క కట్టి పెట్టిందట! "ఈ ఇత్తడి బిరడా ఉంటేనే అసలుది. లేనిదల్లా నకిలీ!" అని ముగించాడు. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఆ పంపుని మఖమలు గుడ్డ మీద పెట్టి గాజుపెట్టెలో ఉంచారు.

ఇక చూస్కోండి. బిరడా లేని పంపులున్నవాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగలేదు. పళ్ల డాక్టరైతే జబ్బుచేసి పడుకున్నాడు. బావమరిది ఎగురుకుంటూ వచ్చి, "బావా, ఇకనుంచి అన్నిటికీ ఆ బెజ్జం పెట్టు" అన్నాడు.

"మంచి పంపుకి బెజ్జం పెట్టి, మళ్లీ దానికి బిరడా పెట్టాలా? మతుండే మాట్లాడుతున్నావా?"

"మతి మనకెందుకు బావా, వాళ్లకి లేకపోతే చాలదూ?"

మేస్త్రి మింగలేక కక్కలేక ఆ పని చేశాడు. బెజ్జాలు మాత్రం తిన్నగానే పెట్టాడు; కొనేవాళ్లకి ఇత్తడి కనపడితే చాలు, వాలు ఎవరూ అడగలేదు. చేస్తున్నంతసేపూ ఒకటే మథన. మంచిగా చేసినప్పుడు పేరు కంపెనీవాడికి పోయింది, సరే. ఇప్పుడు తప్పు చేస్తే, ఆ తప్పుకి కూడా కంపెనీవాడికే పేరా? కనీసం తన తప్పైనా తనది కాకుండా పోయిందని ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

అలా ఉండగా ఒక ఉదయం నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రిలో కాన్పులు చేసి చేసి రిటైరైన మనిషి. మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు కొత్తగా కొనుక్కున్న బండినే ఇప్పటికీ నడుపుతుంది. సంఘంలో మిగతావాళ్ల బండ్లన్నీ తుక్కు దుకాణాల్లో ఏరుకొచ్చినవి. కంపెనీ నుంచి నేరుగా ఇంటికొచ్చింది ఆవిడదొక్కటే. ఆవిడ చేతిలో పంపు, ముఖంలో నిప్పులు.

"మేస్త్రీ, నా పంపు నకిలీదట. ఆ భూతద్దం చెప్పాడు. బిరడా లేదట. సంఘం ఊరేగింపులోకి రానివ్వరట."

"ఇదెక్కడిదమ్మా?"

"ఎక్కడిదేంటి? బండితో వచ్చింది! నేను కొన్న రోజునుంచి ఎవడూ విప్పలేదు. ఈ మధ్యే నూనె సరిగ్గా ఎక్కట్లేదని విప్పించాను. ఇదిగో, ఇది పట్టుకుని, నా అసలు పంపుని అసలుదిగా చేసిపెట్టు. ఆ దిక్కుమాలిన బిరడా బిగించు."

మేస్త్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరి చెయ్యీ పడని కంపెనీ పంపుని ఆయన చూడటం అదే మొదలు. ఎవరో ఓ పనివాడు, పేరు తెలియనివాడు, ఎంతో శ్రద్ధగా చేసిన పని అది. బాగా అరిగిపోయింది గానీ, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. మేస్త్రి నోట మెచ్చుకోలు ఊరికే రాదు కదా. "ఫరవాలేదు, వాడికీ కొంచెం పనొచ్చు" అన్నాడు.

డ్రిల్లు కింద పెట్టాడు. మళ్లీ తీశాడు. చెయ్యి రాలేదు.

"నా వల్ల కాదు నర్సమ్మగారూ. ఆ బిరడా కంపెనీది కాదు. నాది. నా చెయ్యి జారి పెట్టింది."

"అలాగా!" అంది నర్సమ్మ. కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసి, "అయితే ఇక్కడ నాతో చెప్తే ఏం లాభం? పద, ఆ హాల్లోనే చెబుదువుగాని" అని లేచింది.

ఇద్దరూ వెళ్లేసరికి సంఘం పెద్దలంతా ఊరేగింపు ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. మేస్త్రి గాజుపెట్టె దగ్గరికి పోయి, వేలు పెట్టి చూపించి, గొంతు చించుకుని అరిచాడు. "ఇది నేను చేశాను! ఈ బిరడా నా తప్పు! మీరంతా నా తప్పుని నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నారు!"

హాలంతా ఒక్కసారి ఇటు తిరిగింది. తర్వాత నవ్వులు. భూతద్దంగారొక్కరే నవ్వలేదు, పెద్దమనిషి కదా.

"నాయనా, నీ ఉత్సాహం అర్థమైంది. మంచిదే. చేసి చూపిస్తావా మరి?"

"చూపిస్తాను. రండి."

మర్నాడు ఉదయం పెద్దలందరూ కుర్చీలు తెప్పించుకుని కార్ఖానాలో కూర్చున్నారు. మేస్త్రి పంపుని మిషను కింద బిగించాడు. బెజ్జం పెట్టాడు. అది నిట్టనిలువుగా, గీత గీసినట్టు దిగింది. ఇన్నేళ్లు తిన్నగా పనిచేసిన చేతికి, వంకరగా చెయ్యమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

"వాలు లేదే" అన్నాడు భూతద్దంగారు.

ఇంకోటి తీశాడు. కావాలని వంచి పెట్టాడు. డ్రిల్లు బిట్టు విరిగింది. ఇంకోదానికి వాలు అటువైపు కాకుండా ఇటువైపొచ్చింది. మరోదానికి పంపు ఒళ్లే పగిలింది. మేస్త్రికి చెమటలు కారిపోతున్నాయి. "ఆరోజు వీడు నన్ను రెచ్చగొట్టాడండీ, తల తిప్పాను, అప్పుడు జారింది! ఒరేయ్, నువ్వన్నా చెప్పరా! గోతిలో పాతింది నువ్వు కాదూ?"

అందరూ బావమరిది వైపు తిరిగారు. వాడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా బావకి ఈమధ్య ఎండదెబ్బ తగిలిందండీ" అన్నాడు బాధగా. "ఆ పంపు గోదాములో దొరికిందే. నా కళ్లతో చూశాను."

భూతద్దంగారు లేచి, మేస్త్రి భుజం తట్టాడు. "బాధపడకు. ఆ వాలు నీ చేతికి రాదు. అది కంపెనీ పనివాళ్ల చేతికే వచ్చేది. కావాలంటే ఆ పంపుని వారం రోజులు నీ దగ్గర ఉంచుకో. చూసి నేర్చుకో."

వాళ్లు వెళ్లిపోయాక మేస్త్రి ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. తన పంపుని చూసి తననే నేర్చుకోమన్నారు! లోకంలో ఎవడికైనా ఇంత పొగడ్తా ఇంత అవమానమూ ఒకే నోటినుంచి వచ్చాయా? భార్య మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి, తమ్ముడి వైపు ఒక్క చూపు చూసింది. వాడు చెప్పులు వెతుక్కుని బజారు పని మీద పోయాడు.

నర్సమ్మ మాత్రం వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎవరూ నమ్మలేదమ్మా" అన్నాడు మేస్త్రి.

"నేను నమ్మాను కదయ్యా."

"మీరెలా నమ్మారు? నేను చేసి చూపించలేకపోయాను కదా?"

"చూపించక్కర్లేదు. జీవితమంతా కాన్పులే చేశాను. వార్డులో పదిమంది బిడ్డల్ని కలిపి పడుకోబెట్టినా, తల్లి ఎవరో కళ్లు చూసి చెప్పేస్తాను. నిన్న ఆ గాజుపెట్టె దగ్గర నీ కళ్లు చూశాను." ఆవిడ తన పంపుని బల్ల మీద పెట్టింది. "ఇది అరిగిపోయింది, ఇక పనికిరాదు. నాకొక పంపు చెయ్యి. బిరడా వద్దు, తుప్పు వద్దు, రెక్కలు వద్దు. నీ పేరు కొట్టు."

"నా పేరు కొడితే ఊరేగింపులోకి రానివ్వరు."

"ఇప్పుడేమైనా రానిస్తున్నారా?"

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. నిజమే మరి. తర్వాత పనిలోకి దిగాడు. అచ్చులో రెక్కల గుర్తున్న గుంటని మైనంతో పూడ్చి పోత పోయించాడు. పంపు ఒళ్లు నున్నగా, ఖాళీగా వచ్చింది. లోపల నూనెని తోసే ప్లంజర్లు తిప్పి, అరగదీసి, నూనె దారిని వేలితో మూసి పట్టు చూసి, మళ్లీ అరగదీశాడు. ఇక పేరు కొట్టాలి. అక్షరాల పంచులు ఎప్పుడో కొని పెట్టుకున్నవే, నూనె గుడ్డలో మెరుస్తున్నాయి.

"అక్షరాలు పెద్దవిగా కొట్టండి" అంది భార్య, తలుపు దగ్గరినుంచి. "దూరంనుంచి కూడా కనపడాలి."

"పంపు అరచేతిలో పట్టేంతే. పెద్దవి ఎక్కడ పడతాయి?"

"మరి పేరు చిన్నది పెట్టమని మీ అమ్మతో చెప్పాల్సింది."

మేస్త్రి నవ్వుతూనే సుత్తి ఎత్తాడు. మొదటి అక్షరం పడేసరికి నవ్వు ఆగిపోయింది.  అన్ని అక్షరాలూ పడ్డాక కూర్చుని హాయిగా ఏడ్చాడు. భార్య చూడనట్టు నటించి లోపలికెళ్లింది.

పంపుని నర్సమ్మ బండికి బిగించారు. ఆవిడ ఒకే తన్నుకి ఇంజను స్టార్టు చేసింది. మేస్త్రి నూనె డబ్బా మూత తీసి లోపలికి వంగి చూశాడు. తిరుగు గొట్టంలోంచి నూనె చిన్నచిన్నగా ఎగదన్నుతూ డబ్బాలో పడుతోంది. "వస్తోందా?" అని ఆవిడ అరిచింది. "రాక చస్తుందా!" అని ఈయన అరిచాడు.

ఊరేగింపు రోజున హాలు గేటు దగ్గర భూతద్దంగారు ప్రతి బండి పక్కనా గొంతుకూర్చుని బిరడాలు పరీక్షిస్తున్నాడు. నర్సమ్మ బండి దగ్గర అద్దం కొంచెంసేపు ఆగింది.

"ఇదెవరి పేరు?"

"చేసినవాడిది."

"అయ్యో అమ్మా, అసలు పంపు తీసేసి ఇలాంటిది పెట్టారా?"

"మొన్న దాన్నే నకిలీ అన్నారు కదండీ తమరు?"

భూతద్దంగారు నీళ్లు నమిలి, పక్కకి జరగమని చెయ్యి ఊపాడు. ముందు ఇత్తడి బిరడాల బండ్లన్నీ బాకాలూ జెండాలతో కదిలాయి. నగల షాపు ఆయన డ్రైవరు రొప్పుకుంటూ తోస్తున్నాడు. వాళ్లంతా మలుపు తిరిగాక నర్సమ్మ, ఎవరి అనుమతీ లేకుండా, తన దారిన తాను అదే రోడ్డు మీద బయల్దేరింది.

మేస్త్రి టీకొట్టు ముందు జనంలో నిలబడి ఉన్నాడు. ఊరేగింపుని చూడటానికి కాదు. నర్సమ్మ టీ కోసం బండి అక్కడే ఆపింది. ఇంజను ఆపలేదు, స్టాండు వేసి అలాగే వదిలేసింది. కూరగాయల సంచీతో పోతున్న ఒక పెద్దాయన ఆగి, బండి చుట్టూ తిరిగి, కిందికి వంగి, కళ్లజోడు సర్దుకుని, పంపు మీదున్న పేరుని అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదివాడు.

మేస్త్రి తాగబోతున్న టీ గ్లాసు దించాడు. తన పేరు బయటి మనిషి నోట వినడం ఎప్పటి మాటో ఆయనకే గుర్తు లేదు.

"ఎవరండీ ఈయన?" అని పెద్దాయన జనాన్ని అడిగాడు.

హాల్లో గొంతు చించుకుని అరిచిన మనిషి ఇప్పుడు "నేనే" అన్నాడు, ఎవరికీ వినపడనట్టుగా. అని, మళ్లీ నవ్వులు మొదలవుతాయని భుజాలు బిగించుకుని నిలబడ్డాడు.

"మీరేనా? ఇది మీరు చేసిందా?"

"నేనే చేశాను."

"బాగుందండీ. పంపు చప్పుడే లేదు." పెద్దాయన రుజువు అడగలేదు. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మా ఇంట్లో నీళ్ల పంపొకటి రోజూ గీపెడుతోంది, చూస్తారేమో?"

నీళ్ల పంపుల పని చెయ్యమంటే మేస్త్రి మామూలుగా అయితే కొట్టినంత పని చేస్తాడు. ఆరోజు మాత్రం టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, చొక్కా సర్దుకున్నాడు.

"పదండి, చూద్దాం."

పెద్దాయన ఆయన్ని పేరు పెట్టి పిలిచి, "ఇటండీ, రోడ్డు దాటాలి" అన్నాడు.